ఎత్వం

పొయ్యి మనిషి లెంపికి గోపురం గుమ్మం దాటే అనుమతి లేదు.
లోపలికి వెచ్చదనం రాకూడదు.
వస్తే గాలి వణుకుతుంది, గాలి వణికితే చుక్క చెదురుతుంది,
చుక్క చెదిరితే ప్రొఫెసర్ కల్లియోరంత
వారం రోజులు ఎవరితోనూ మాట్లాడడు.
అందుకని ఇటుకలు కాల్చి, ఫ్లానెల్ గుడ్డలో చుట్టి,
మెట్ల మీదే పెట్టి, తలుపు రెండుసార్లు తట్టి వెళ్ళిపోయేది.
ఆయన వాటి మీద కాళ్ళు పెట్టుకుని
మైనస్ ఇరవై ఆరులో, గంటసేపు,
ఒకే నక్షత్రాన్ని తీగల కూడలిలో పట్టుకుని కూర్చునేవాడు.

నేను లెక్కల మనిషిని. నాది పగటి ఉద్యోగం.
మా జనవరిలో పగలంటే
మూడున్నరకే దీపం అడిగే పగలు.
గాజుపలకలు రెండు, మంగళవారంది, శుక్రవారంది.
వాటి మీద ఆకాశం తిరగబడి ఉంటుంది:
తెల్లటి రాత్రి, నల్లటి చుక్కలు,
ఆవాలు ఒలికిన గట్టులా.
ఈ పలక, ఆ పలక, ఈ పలక, ఆ పలక,
మార్చి మార్చి చూస్తే అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.
ఒక్కటి తప్ప.
బియ్యంలో మట్టిగింజ అనుకున్నది
కదిలి, పురుగని తెలిసినట్టు.

ధూళేమోనని ఊదాను. గీతేమోనని గోటితో గీరాను.
మూడో రాత్రి మబ్బు. నాలుగో రాత్రి మబ్బు.
ఎనిమిదో రాత్రి, నేను పెన్సిల్‌తో గుర్తు పెట్టిన చోటికి
వెంట్రుకవాసి పక్కగా వచ్చి నిలబడింది.

మూడు చోట్లు తెలిస్తే దారంతా గీయొచ్చంటారు.
అనేవాళ్ళు ఎప్పుడూ గీయరు.
ఏడంకెల సంవర్గమానాలు, పదకొండు రోజులు,
ఒకచోట ఆరుని తొమ్మిదిగా చదివి
పాపం దాన్ని సూర్యుడిలోకి తోసేశాను,
మళ్ళీ బయటకి లాగాను.
చివరికి కుదురుకుంది:
అంగారకుడికి అవతల, గురుడికి ఇవతల,
కొంచెం నొక్కుపడ్డ గాజులాంటి దారి,
చుట్టుకి నాలుగేళ్ళ ఏడు నెలలు.

నంబరు వెంటనే ఇవ్వరు.
చెప్పిన వేళకి, చెప్పిన చోట, మళ్ళీ మళ్ళీ కనబడాలి.
మధ్యలో యుద్ధం వచ్చింది.
పలకల్ని బంగాళాదుంపల కింద పూడ్చాం.
అది మాత్రం ఏ పక్షమూ చేరకుండా
ఓ చుట్టు పూర్తిచేసి వచ్చింది.

పేరు పెట్టే హక్కు ఆయనది.
కటకానికి డబ్బిచ్చిన బిషప్పు పేరే వస్తుందనుకున్నాం.
ఆయన టీ కప్పు కింద పెట్టి, "లెంపి" అన్నాడు.
మా భాషలో ఆ మాటకి ప్రేమ అని అర్థం.
ఆమె ఆవేళ బూడిద ఎత్తుతోంది.
"కంటికి కనబడుతుందా?" కనబడదు.
"సొంత వెలుగుందా?" లేదు, ఎరువుది.
"ఎంతుంటుంది?" మన రేవూ, చేపల బజారూ, ఈ కొండా పడతాయి.
"మరి అక్కడ పొయ్యెవరు వెలిగిస్తారు?"
ఇద్దరం తెల్లమొహం వేశాం.

ఏప్రిల్లో పరదేశం నుంచి అచ్చు కాగితం వచ్చింది.
నంబరు సరిగ్గా ఉంది.
కక్ష్య, ఆరో దశాంశం దాకా, నాదే.
పేరులోనే, అచ్చుగదిలో ఎక్కడో,
ఒక ఎత్వం రాలిపోయింది.
లంపి.
లంపి అంటే కుంట.

ప్రొఫెసర్ ఉత్తరం మీద ఉత్తరం రాశాడు.
అచ్చయింది అచ్చయినట్టే ఉంటుందని జవాబు.
ఆమెకి చెప్పడం నా వంతయింది.
లెంపి చేతులు తుడుచుకుంది.
"కుంటే కదా. మా అమ్మ బట్టలుతికిందీ,
నేను ఈత నేర్చిందీ దాంట్లోనే. ఉండనీ."
ఇటుకలు రెండో వైపు తిప్పింది.

ఆమె పోయి ఇది మూడో చుట్టు.
నేను ఏళ్ళు లెక్కపెట్టడం మానేశాను.
చుట్లతో నాకు మొన్ననే పద్దెనిమిది నిండాయి.
గోపురంలో ఇప్పుడెవరూ కూర్చోరు,
కింద వెచ్చటి గదిలోంచి కెమెరాని నడిపిస్తారు.
నిన్న ఓ కుర్రాడు తెర మీద చూపించి
"అమ్మా, మీది వెనక్కి నడుస్తోంది" అన్నాడు.
వెనక్కి కాదు నాయనా.
లోపలి దారిన పోతున్నాం కదా,
మనమే దాన్ని దాటిపోతున్నాం.

దిగుతూ మెట్ల మీద ఆగాను.
ఇటుకలు పెట్టిన చోట రాయి ఇంకా నల్లగానే ఉంది.
మళ్ళీ ఎదురుపడేది పదిహేను నెలలకి, కన్యారాశిలో.
నేనుంటే చూస్తాను.
లేకపోతే, కాగితం రెండో సొరుగులో ఉంది.